మా మేనత్త కూరమళ్ళు

రుద్రూరులో మా మేనత్త పోయిందని మొన్న పొద్దున బండివాడు వచ్చి చెప్పాడు. బోధను నుంచి నేను వెళ్ళేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టి ఉంచారు. తలాపున ఆమె కూతురు కూర్చుని ఉంది. అరుగు మీది పెద్దమనుషులు ఆమె పండించిన కూరల రుచిని పొగుడుతున్నారు. వినలేక నేను ఆ అరుగు దగ్గర నుంచి ఇవతలికి వచ్చేశాను. అది ఎందుకో పాఠకులకు చెప్పాలి.

చైత్రం వచ్చిందంటే ఆ ఊళ్ళో ఆకుకూర కంటికి కనబడేది కాదు. మా అత్త పెరట్లో మాత్రం బీరపందిరి, దాని నీడలో కొత్తిమీర, పక్కన పుంటికూర, అదే గోంగూర, పచ్చగా ఉండేవి. ధనియాలను చెప్పు కింద నలిపి, బద్దలు చేసి చల్లేది. నేల కాగకుండా మళ్ళ మీద ఎండిన చెరకాకు పరిచేది. పెరటి వెనుక, ఊరి మీద పెత్తనం చేసే పటేలు బావి నుంచి తెల్లవారకముందే కుండలతో నీళ్ళు మోసేది. ఎండెక్కాక ఎవరైనా కూర కోయబోతే ఒప్పుకునేది కాదు.

"ఎండల తెంపితె ఆకు అలుగుతది బిడ్డా, సల్లవడ్డంక రా" అనేది. వచ్చినవాళ్ళను వట్టి చేతులతో పంపింది లేదు.

ఒక వేసవిలో పటేలు ఇంట్లో పెళ్ళి జరిగింది. ఆయన నౌకరు, జవాను అనేవాళ్ళు, రోజూ వచ్చి అత్త గంపలోనే నిండా కోసుకుపోయేవాడు. అడగడమంటూ లేదు, హుకుం అంతే. పెళ్ళిల్లు కదా అని అత్త ఊరుకుంది. ఒకనాడు తన గంప తెచ్చుకుందామని వాళ్ళ ఇంటి వెనక్కు వెళ్ళింది. అక్కడ ఎంగిలి విస్తళ్ళ పక్కన ఆమె బీరకాయలు, విప్పని కొత్తిమీర కట్టలు కుళ్ళి నల్లటి రసం కారుతున్నాయి. వాటి నిండా పురుగులు లుకలుకలాడుతున్నాయి.

అత్త ఆ కుళ్ళంతా చేతులతోనే గంపలోకి ఎత్తింది. నెత్తిన పెట్టుకుంది. రసం మొహం మీదికి కారుతుండగా, చుట్టాలు భోజనాలకు కూర్చున్న పందిట్లోకి వెళ్ళి పటేలు ముందు దించింది.

"పటేలా, గివన్ని మీరు తెప్పించుకున్నయే. సుట్టాలకు పెట్టున్రి" అంది.

ఆ సాయంత్రమే ఆమెను బావి దగ్గరికి రానీయొద్దని హుకుం వచ్చింది. మళ్ళు కళ్ళ ముందే ఎండిపోయాయి. ఏటా ఆమె కూర తిన్నవాళ్ళలో ఒక్కరూ కడివెడు నీళ్ళు తోడివ్వలేదు. పటేలుకు భయపడ్డారంటే అర్థం చేసుకోగలను. తొవ్వలో ఆమె ఎదురైతే కుళ్ళు మోసిన మనిషని ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుకున్నారు చూడండి, అది ఈనాటికీ నాకు రోతే.

అత్త ఊరి అవతలి వాగు నుంచి నీళ్ళు తెచ్చుకొని, స్నానం చేసిన నీళ్ళతో వాకిట్లో పగిలిన కుండల్లో పుదీనా పెంచింది. కొన్నాళ్ళకు ఆ నవ్వినవాళ్ళే మెల్లగా వచ్చి చెయ్యి చాచారు. ఆమె ఇచ్చింది. వీళ్ళకెందుకిస్తావని నేను కోప్పడ్డాను.

"ఆకును తెంపకుండ పండవెట్టి ఏం జేసుకుంట?" అంది, మట్టి చేతులు దులుపుకుంటూ.

నాకు ఆ మనసు రాలేదు. వస్తుందన్న ఆశా లేదు. అటువంటి మనిషి చేతి కూర తిన్నానన్న తృప్తి మాత్రం ఉంది.

దహనం ముగించి మేం తిరిగి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. వాకిట్లో పటేలు జవాను పుదీనా కుదుళ్ళతో సహా పీకి కట్ట కడుతున్నాడు. పెద్దమనుషులు చూస్తూ కూర్చున్నారు. అత్త కూతురు, ఎన్నడూ గొంతెత్తని పిల్ల, స్నానం చేసిన తడి చీరతోనే వాడి దగ్గరికి వెళ్ళింది.

"ఎవ్వలనడిగి పీకినవ్?" అంది.

వాడు అరుగు వైపు చూశాడు. ఆమె కట్ట లాక్కుంది. జవాను వెళ్ళిపోయాక కూడా ఆ పిల్ల ఎండలోనే నిలబడి ఉంది. పిడికిట్లో నలిగిన ఆకుల పసరు మణికట్టు దాకా కారుతోంది. వాకిలంతా పుదీనా వాసన.