చింతపండుతో తోమిన రాళ్లు

నా చిన్నప్పుడు కర్మన్‌ఘాట్‌లో మా ఇంటి ముందు గదిలో ఒక సారు కిరాయికి ఉండేవారు. కోస్తా వైపు మనిషి. భూమిలో రాగి ఎక్కడుందో వెతికే ఆఫీసులో కొత్తగా చేరారు. నెలలో ఇరవై రోజులు అడవుల్లో ఉండేవారు. మిగతా రోజులు దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కి ఆఫీసుకు పోయేవారు.

ఒక శనివారం ఆయన అడవి నుంచి పొడవాటి చెక్కపెట్టె తెచ్చి అరుగు మీద పెట్టారు. సోమవారం ఆఫీసులో ఇవ్వాలట. లోపల చెరుకు ముక్కల్లా గుండ్రటి రాళ్లు వరసగా ఉన్నాయి. కొండలోకి బోరు వేసి తీసినవట. రాగి ఇందులోనే ఉందని ఆయన అంటే నాకు నవ్వాగలేదు. బూడిదరంగు రాయి, అక్కడక్కడ ఆవగింజంత మెరుపు, అంతే! పైవరస రాళ్ల మీద మాత్రం పచ్చగా ఏదో పట్టి ఉంది. అదేమిటో నాకు తెలియదా? తోమకుండా వదిలేసిన రాగిచెంబుకు పట్టే చిలుమే. ప్రతి శుక్రవారం మా నాయనమ్మ నాతో తోమించేది కదా.

మర్నాడు సారు బయటికి వెళ్లగానే పెద్ద పనిమంతురాలిలా రంగంలోకి దిగాను. పైవరస రాళ్లన్నీ బావి దగ్గరికి మోసుకుపోయి, చింతపండు, ఉప్పు వేసి కొబ్బరిపీచుతో చేతులు మండేదాకా తోమాను. పచ్చదనం చాలావరకు పోయింది. ఎర్రటి రాగి మాత్రం ఎక్కడా బయటపడలేదు. రాళ్లను తోచినట్టు పెట్టెలో సర్దేశాను.

సారు వచ్చి పెట్టె చూసి అరుగు మీద కూలబడ్డారు. మా నాయనమ్మకు సంగతి అర్థమయింది. "ఏందే, ముట్టినవా గా రాళ్లను? ఆయన నౌకరి పోతదే!" అని గద్దించింది. "నేను ముట్టలే" అన్నాను. చేతులు ఇంకా చింతపండు వాసన కొడుతూనే ఉన్నాయి.

సారు నా చేతుల వంక చూశారు. పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా చెప్పారు. ఎప్పుడో భూమి లోపల కరిగిన రాయి పైకి తోసుకొచ్చి చల్లారిందట. దానితో వచ్చిన వేడినీళ్లు కొండ పగుళ్లన్నిటిలో రాగిని కొంచెం కొంచెం వదిలాయట. అందుకే అది ఒకచోట ముద్దగా దొరకదు, కొండంతా పలచగా పరుచుకుని ఉంటుంది. బండెడు రాయి పొడి చేస్తే ఒక బిందెకు సరిపడా రాగి వస్తే గొప్ప. వానా గాలీ దిగినంత లోతు వరకూ ఆ రాగికి చిలుము పడుతుంది. ఆ పచ్చదనం ఎంత లోతులో ఆగిందో చూసుకున్నాకే తర్వాతి పని సాగుతుంది.

"నేనింకా రాసుకోలేదమ్మా, ఇవాళ రాద్దామనుకున్నాను" అన్నారు. "ఎవరు తోమారన్నది పక్కన పెట్టు. ఏ రాయి మీద ఎంత పచ్చగా ఉండేదో ఇప్పుడు తోమినవాళ్లకి తప్ప ఇంకెవరికీ తెలీదు. వాళ్లు చెబితే బాగుండు."

ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే అంతా చెప్పాను. విరిగిన అంచులు ఒకదానికొకటి కలిపి చూస్తూ ఇద్దరం రాళ్లను మళ్లీ వరసలో పెట్టాం. ఇది నిండా పచ్చ, ఇది సగం, దీనికి ఒక పక్క గీతలా ఉండె అని నేను చెబుతుంటే ఆయన రాసుకున్నారు. చివర్లో, పొరపాటున తోమడం జరిగిందనీ, పెట్టె బయట వదిలిన తప్పు తనదేననీ రాసి నాకు చదివి వినిపించారు.

"గది రాయకుంటే ఏమైతది సార్?" అన్నాను భయంగా.

"రాయకపోతే ఆ కొండ గురించి మనం అబద్ధం చెప్పినట్టు కాదూ?" అన్నారు.

సోమవారం ఆయనకు ఆఫీసులో చీవాట్లు పడ్డాయి. ఉద్యోగం మాత్రం నిలిచింది. వస్తూ వస్తూ నాకు బత్తాయిలు తెచ్చారు, ఎంత మంచివారో! నన్ను తిట్టిన నాయనమ్మే వాటిని ఒలిచి పెట్టింది.

పెద్దయ్యాక నేను నర్సునయ్యాను. ఒక మధ్యాహ్నం దవాఖానాలో ఒక పసిబిడ్డకు నా చేతులతోనే మందు రెండింతలు పడింది. ఎవరూ చూడలేదు. అయినా పరుగెత్తుకుపోయి డాక్టరమ్మకు చెప్పాను, ఏ మందో, ఎంతో, ఎన్ని గంటలకో. వెంటనే విరుగుడు ఇచ్చారు. సాయంత్రానికి ఆ బిడ్డ కళ్లు తెరిచి పాలకోసం గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు వింటూ నేనూ ఏడ్చాను. చిన్నప్పుడు సారు నన్ను ఒక్క దెబ్బ వేసి ఉంటే, నేను అబద్ధం మీదే నిలబడేదాన్ని.

తర్వాత నా దగ్గర పని నేర్చుకునే పిల్లలు ఏదో తప్పు జరిగిందంటూ వస్తే పక్కన కూర్చోబెట్టుకుని, ముందు ఏం జరిగిందో చెప్పు బిడ్డా అనేదాన్ని. ఎవరు చేశారని తర్వాత అడగొచ్చులే అనుకునేదాన్ని. చాలాసార్లు అడగనే లేదు.