రేడియో చెప్పని ఒక్క సంగతి

పెద్దక్కకి ముక్కు మీద కోపం. ఆ సంగతి మైదానంలో గడ్డి కోసే మనిషితో సహా అందరికీ తెలుసు. చూపు లేదు కదా పాపం అని ఎవరైనా మెత్తగా చెయ్యి పట్టుకోబోతే విదిలించి పారేసి, "నాకు లేనిది చూపు. కాళ్ళు ఉన్నాయి" అనేది. ఆ కాళ్ళ సంగతి దేశమంతా ఎరుగును. చూపులేని ఆడవాళ్ళ పరుగుపందేల్లో ఆమెకు ఎదురులేక చాలాకాలమైంది. పందేలు లేని రోజుల్లో ఆస్పత్రిలో టెలిఫోన్ దగ్గర కూర్చుని, ఎవరు ఏ వార్డు అడిగినా తడుముకోకుండా కలిపేది. విసుక్కునేవాళ్ళని మాత్రం కాసేపు లైన్లో ఉంచి, ఆ తర్వాత కలిపేది.

చిన్నప్పుడు జ్వరంలో చూపు పోయింది గాని పరుగు పోలేదు. చెల్లెలి గౌను కొస పట్టుకుని ఇంటి వెనక సందులో అటూ ఇటూ పరిగెత్తేది. చెల్లెలు బొద్దుగా ఉండేది, నాలుగు అంగలకే ఆయాసం. నేను నిన్ను నడిపిస్తున్నానా, నువ్వు నన్ను ఈడుస్తున్నావా అని గోడకు చేరగిలబడి ఏడ్చేది. ఆ చెల్లెలే ఇప్పుడు అక్కను తన ఇంట్లో పెట్టుకుని, వేళకి అన్నమూ వేళాపాళా లేకుండా చీవాట్లూ పెడుతోంది. అక్క పరిగెత్తేటప్పుడు చేతికి కట్టుకునే తాడు కూడా చెల్లెలు అల్లిందే, పాత బూట్ల లేసులతో, జడ అల్లినట్టు.

ఆ తాడు గురించి చెప్పాలి. చూపులేనివాళ్ళ పరుగులో పక్కన చూపున్న మనిషి ఒకరు పరిగెత్తుతారు. గైడ్ అంటారు. ఇద్దరి చేతులకీ కలిపి జానెడు తాడు ఉంటుంది. గైడ్ లాగకూడదు, తొయ్యకూడదు, మలుపు ఎక్కడుందో నోటితో చెప్పాలి. ఆఖరి గీత దాటేటప్పుడు గైడ్ వెనకే ఉండాలి. వేలెడు ముందున్నా ఆ పరుగు చెల్లదు. అంటే ఎంత బాగా పరిగెత్తినా తను గెలవకూడని మనిషన్నమాట. అలాంటి పనికి ఎవడొస్తాడని అడక్కండి. వచ్చాడు, రొట్టెల కొట్టులో పిండి పిసికే అతను.

అతనికి రేడియో అని పేరు పెట్టింది పెద్దక్కే. మొదటిరోజు మలుపు సంగతి వదిలేసి, కంచె అవతల ఒక కుక్క తన తోకని తనే పట్టుకోవాలని గిరగిరా తిరుగుతోందని వర్ణిస్తూ, ఇద్దర్నీ తీసుకెళ్ళి పొడుగు దూకే పోటీల ఇసుక గుంటలో పడేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఇక అతని పని అయిపోయిందనుకున్నారు. పెద్దక్క నోట్లో ఇసుక ఉమ్ముకుంటూ లేచి, "ఇంతకీ దొరికిందా?" అంది.

"ఏంటండీ?"

"తోక."

అక్కడ కుదిరింది ఇద్దరికీ. ఆ తర్వాత పదకొండేళ్ళు ఆమె చెవిలో ఆ రేడియో మోగుతూనే ఉంది. పక్క వరసలో పరిగెత్తే ఆమె బూట్ల రంగు, రైలు కిటికీలోంచి కనబడే గొర్రెలు, హోటల్ గదిలో గోడమీది వెధవ బొమ్మ, పతకం ఇచ్చే పెద్దమనిషి బొజ్జ, అన్నీ చెప్పేవాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు అని చెల్లెలు నవ్వేది. నా కళ్ళు రొట్టెల కొట్టులో పనిచేస్తాయని పెద్దక్క అందరికీ గొప్పగా చెప్పుకునేది. అతను అక్కా అని పిలిచాడు, ఆమె ఒరేయ్ అంది, తోడబుట్టినవాళ్ళకన్నా ఎక్కువ పోట్లాడుకున్నారు. పెళ్ళెప్పుడు అని చెల్లెలు చెవిన ఇల్లు కట్టుకుని అడిగితే మాత్రం నవ్వి ఊరుకునేవాడు. గదిలో ఇంకొకతను ఉంటాడనీ, అద్దె పంచుకుంటామనీ, లిఫ్టులు బాగుచేస్తాడనీ చెప్పేవాడు, అంతే. తాడూ బొంగరం లేని మనిషి అని చెల్లెలు జాలిపడి, ఇంకో రెండు ముద్దలు ఎక్కువ వడ్డించేది.

ఆ ఏడు ప్రపంచ పోటీలకి పెద్దక్క ఎంపికైంది. ఆమె వయసుకి అదే ఆఖరి అవకాశమని ఆమెకీ తెలుసు. ఎంపిక పరుగు అయ్యాక విలేకరులు చుట్టుముట్టారు. ఆ వారమే శిక్షణ శిబిరం నుంచి ఈటె విసిరే ఒక అమ్మాయిని, ఇంకో అమ్మాయిని ప్రేమించిందని క్రీడా సంఘంవాళ్ళు ఇంటికి పంపేశారు. ఒక విలేకరి ఆ మాట ఎత్తాడు. పెద్దక్క జవాబు వెతుక్కుంటోంది. ఇంతలో చేతి తాడు ముందుకి లాగింది. పదకొండేళ్ళలో ఆ తాడు ఎప్పుడూ అటు లాగలేదు. ఎప్పుడూ అరడుగు వెనకుండే మనిషి ముందుకొచ్చాడు.

"ఆ అమ్మాయిని పంపిస్తే నన్నూ పంపించాలి" అన్నాడు రేడియో. "నేనూ అలాంటివాణ్ణే. నా ఇంట్లో ఉండే ఆయన అద్దె పంచుకునే మనిషి కాదు, నా మనిషి. ఆ పిల్ల ఏ తప్పూ చెయ్యలేదు."

కెమెరాలు టపటపలాడాయి. పెద్దక్క తన చేతి తాడు విప్పుకుని, కర్ర తెప్పించుకుని, చెల్లెలితో ఇంటికి వెళ్ళిపోయింది.

ఇంట్లో అత్తమీద కోపం దుత్తమీద చూపించినట్టు గ్లాసులూ గిన్నెలూ ఎత్తెత్తి పెట్టింది. రేడియో ఫోన్ చేస్తే ఎత్తలేదు. లోకం ఏమనుకుందో వేరే చెప్పాలా? పెద్దక్క అతన్ని ఛీ కొట్టిందని అనుకుంది. చెల్లెలు కూడా అలాగే అనుకుని, పోనీలే అక్కా, మనకెందుకు అంది. అసలు కోపం అది కానే కాదు. గొర్రెల దగ్గర్నుంచి బొజ్జల దాకా అన్నీ చెప్పిన మనిషి, నోట్లో నువ్వుగింజ నానని మనిషి, ఈ ఒక్కటీ దాచాడు. ఊరంతా విన్నప్పుడే తనూ విన్నది. తన కళ్ళే తనకి ఒకటి చూపించకుండా దాచాయంటే ఇక వాటిని నమ్మడమెలా అని ఆమె బాధ. ఆ మాట ఎవరితోనూ అనలేదు, రాత్రంతా పక్కమీద దొర్లింది.

మూడోనాటికి సంఘం కార్యదర్శి స్వయంగా ఇంటికొచ్చాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు, అలాంటివాళ్ళతోనే జాగ్రత్తగా ఉండాలి. గైడ్‌గా రేడియోకున్న గుర్తింపు రద్దు చెయ్యడానికి విచారణ పెట్టారట. ఆ మనిషితో ఇబ్బందిగా ఉందని పెద్దక్క ఒక్క ముక్క చెబితే చాలట. కొత్త గైడ్ సిద్ధంగా ఉన్నాడట, బూట్ల కంపెనీవాళ్ళు కూడా అదే కోరుతున్నారట. విచారణకి వస్తానని మాత్రం ఆమె అంది.

విచారణలోగా కొత్త గైడ్‌తో ఒకసారి పరిగెత్తి చూసింది, అతను చెడ్డవాడేం కాదు. మర్యాదస్తుడు, మంచి కాళ్ళు. "మలుపు. తిన్నగా. గీత." అంతకుమించి మాటలేదు. అతనితో పరిగెత్తితే రేడియోతో కన్నా వేగంగానే వచ్చింది, అబద్ధమెందుకు. పతకం ఖాయమని అందరూ చప్పట్లు కొట్టారు. పరుగయ్యాక ఆమె, ఆకాశం ఎలా ఉంది అని అడిగింది. బానే ఉందండీ అన్నాడతను. 

మర్నాడు చెల్లెల్ని వెంటబెట్టుకుని రేడియో ఇంటికి వెళ్ళింది. అంతకుముందు ఎప్పుడూ వెళ్ళలేదు, అతను రమ్మననూ లేదు. తలుపు తీసినాయన దగ్గర యంత్రాలకి పూసే గ్రీజు వాసన వేసింది. రేడియో కొట్టుకి వెళ్ళాడని చెప్పి, లోపల కూర్చోబెట్టి, టీ ఇచ్చి, చక్కెర వెయ్యలేదక్కగారూ, మీకు పడదు కదా అన్నాడు లిఫ్టాయన.

"మీకెలా తెలుసు?"

పందెం నుంచి రాగానే రేడియో అంతా మళ్ళీ మొదట్నుంచీ చెప్తాడట. ఏ మలుపులో ఆమె తిట్టిందో, ఎక్కడ నవ్విందో. మైదానానికి వస్తే జనానికి అనుమానమొస్తుందని ఈయన ఒక్క పందెం కూడా చూడలేదు. అన్నీ విన్నాడు. పెద్దక్క కప్పు కింద పెట్టింది. ఆ రేడియో వినేది తానొక్కతే అనుకుంది ఇన్నాళ్ళూ.

"మరి నాకెందుకు చెప్పలేదు?" అంది.

 లిఫ్టాయన చెప్పాడు. "ఒకసారి చెప్దామనే రైలెక్కాడక్కగారూ. ఆ పెట్టెలో ఎవరో ఇలాంటివాళ్ళ మీద జోకేశారంట. మీరు నవ్వారంట."

పెద్దక్కకి గుర్తొచ్చింది. జోకు గుర్తులేదు, ఆ తర్వాతి మౌనం గుర్తుంది. ఎన్నో స్టేషన్లు పోయినా రేడియో మోగలేదు. నిద్రపోయాడనుకుని తన శాలువా తీసి కప్పింది కూడా. అతను నిద్రపోలేదని ఇప్పుడు తెలిసింది. ఆమె ఏడ్చింది. మొండిది, పరాయి ఇంట్లో, పరాయి మనిషి ఎదుట ఏడ్చింది. చెల్లెలు ఏం చెయ్యాలో తెలియక టీ కప్పులు కడగడానికి లేచింది.

విచారణ గదిలో పొడవాటి బల్ల, ఫ్యాను చప్పుడు, గొంతులు సవరించుకునే నలుగురు పెద్దలు. రేడియో ఓ మూల కూర్చున్నాడని అతని దగ్గే చెప్పింది. మీకు కోపంగా ఉందని విన్నామమ్మా, ధైర్యంగా చెప్పండి అన్నాడు కార్యదర్శి.

"కోపం ఉందండీ" అంది పెద్దక్క. "పదకొండేళ్ళు పక్కనే ఉండి ఇంత సంగతి చెప్పలేదని కోపం. ఎందుకు చెప్పలేదో ఇప్పుడు తెలిసింది. పొద్దస్తమానం వాగే మనిషి నోరు మూసుకున్నాడంటే ఎంత భయపడి ఉండాలి? అలా భయపెట్టినవాళ్ళలో మీరున్నారు, నేనూ ఉన్నాను. ఆ ఈటె అమ్మాయిని పంపించడం తప్పు. ఇతన్ని పంపించడం తప్పు. నేను పరిగెత్తితే ఇతని తాడుతోనే పరిగెత్తుతాను."

"అలాగైతే మీరు పోటీలకి వెళ్ళలేరు. ఆలోచించుకోండి."

"ఆలోచించే వచ్చాను."

అనడం తేలికే. జట్టులోంచి పేరు కొట్టేశారు. బూట్ల కంపెనీ గోడలమీద ఆమె బొమ్మ పీకి ఇంకెవరిదో అంటించింది. రేడియో గుర్తింపు పోయింది, రొట్టెల కొట్టుకి వచ్చే కొందరు వీధి మార్చారు. ప్రపంచ పోటీలు జరిగిన రోజు పెద్దక్క టీవీ పెట్టనివ్వలేదు. గెలిచినామె వేగం తన వేగం కన్నా తక్కువని చెల్లెలి మొగుడు నోరుజారి చెప్పేశాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆ రోజంతా ఆస్పత్రి టెలిఫోన్లో ఎవరికీ సరైన వార్డు దొరకలేదు. త్యాగం చేసినవాళ్ళకి నిద్ర బాగా పడుతుందని పుస్తకాల్లో రాస్తారు, ఆమెకి మాత్రం పట్టలేదు. అయినా పొద్దున్నే లేచి తాడు పట్టుకుని మైదానానికి వెళ్ళేది. రేడియో గేటు దగ్గరే ఉండేవాడు. మొదట్లో ఇద్దరికీ మాటలు తడబడ్డాయి. ఓ రోజు మబ్బుల్లో ఒకటి అచ్చం కార్యదర్శి ముక్కులా ఉందన్నాడు, అంతటితో సర్దుకుంది.

చలి తగ్గాక ఊళ్ళో వంతెన పరుగు వచ్చింది. సంఘంతో పనిలేని పరుగు, కాళ్ళున్న ఎవరైనా పరిగెత్తొచ్చు. చూపులేనివాళ్ళకి వేరే వరస పెట్టారు, గీత దగ్గర జెండాతో ఒక రిటైరైన డ్రిల్లు మాస్టారిని నిలబెట్టారు. నియమమంటే ప్రాణమిచ్చే మనిషి. జనంలో కొందరు ఈ ఇద్దర్నీ చూసి గుసగుసలాడారు, కొందరు చప్పట్లు కొట్టారు. పెద్దక్క రెండూ వింది.

వంతెన దిగేసరికి వెనక అడుగుల చప్పుడు దూరమైపోయింది. గెలుపు ఖాయం.

"లిఫ్టాయన వచ్చాడా?" అంది పెద్దక్క.

"వచ్చాడక్కా. గీత దగ్గరే ఉన్నాడు."

"ఎలా ఉంటాడు? నాకెప్పుడూ చెప్పలేదు నువ్వు."

 నాలుగడుగులు వట్టి ఊపిరే వినిపించింది. తర్వాత రేడియో అందుకున్నాడు. "బట్టతలక్కా. నుదుటిమీద చిన్న గాటు, ఏదో లిఫ్టు తలుపు తగిలింది. చొక్కా గుండీ ఒకటి తప్పుగా పెట్టుకున్నాడు, ఎప్పుడూ అంతే. చేతిలో రెండు తువ్వాళ్ళు, నీదీ నాదీ. ఇంత జనంలోకి రావడం ఇదే మొదలు, చెవులు ఎర్రబడిపోయాయి. నన్ను చూశాడు. చెయ్యి ఎత్తాడక్కా. అందరూ చూస్తుండగా ఎత్తాడు."

తాడు ముందుకి లాగింది. పెద్దక్క ఆ లాగుడు గుర్తుపట్టింది. ఆపమనలేదు.

జెండా దిగింది. డ్రిల్లు మాస్టారు గట్టిగా, గైడ్ ముందొచ్చాడు, ఈ పరుగు చెల్లదు అని ప్రకటించాడు. రేడియో నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో ఎన్నడూ చెయ్యని తప్పు చేశానక్కా అన్నాడు. పెద్దక్క మోకాళ్ళమీద చేతులాన్చి, వగరుస్తూ, నవ్వుతోంది.

"చెల్లకపోతే మానె" అంది. "ఇంతకీ గుండీ సరిచేసుకున్నాడా?"

 "ఇప్పుడే పెట్టుకున్నానక్కా" అని పక్కనుంచి లిఫ్టాయన పలికి, ఆమె చేతిలో తువ్వాలు పెట్టాడు.