గుమ్మడికాయ రంగు చేతులు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, తొలిసారి కడుపుతో ఉన్నప్పుడు, ఒక సాయంత్రం నేను పరుపుచుట్టకు మజ్జిగ ఇచ్చాను.

మా అత్తగారి ఊరు కంబదూరు దగ్గర. పొద్దు గుంకే వేళకు మా మామ చేను నుంచి వచ్చి వసారాలో మంచం మీద కూర్చునేవాడు. నేను లోటాతో మజ్జిగ తెచ్చి ఇచ్చేదాన్ని. ఆ రోజు మంచం మీద నల్లగా ఒక ఆకారం కనిపించింది. "మామా, మజ్జిగ" అన్నాను. పలకలేదు. ఆయనకు చెవుడు కొంచెం ఉంది కదా అని వంగి, గట్టిగా అరిచాను. "మామా! మజ్జిగ తీసుకో!"

వెనక నుంచి మామ గొంతు వినిపించింది.

"అమ్మాయీ, నేను ఈడుండా. అది పరుపు. అది తాగదులే."

ఇద్దరం నవ్వుకున్నాం. కానీ మర్నాడు అదే వేళకు గడప దాటబోయి మేక మీద కాలు వేశాను. ఆ మరుసటి రోజు చారు గరిటె మా ఆయన కంచం దాటిపోయి ఆయన ఒళ్లో ఒలికింది. పగలంతా నా కళ్లు బాగానే ఉండేవి. బియ్యంలో మట్టిగడ్డలు ఏరేదాన్ని, సూదిలో దారం ఎక్కించేదాన్ని. వెలుతురు తగ్గేసరికి మాత్రం ఎవరో నా ముఖానికి గోనెపట్టా కప్పినట్టు ఉండేది. యాడికి ఊళ్లో, పుట్టింట్లో ఉన్న మా అమ్మకు చెబితే బెంగ పెట్టుకుంటుందని చెప్పలేదు. మా అత్త మాత్రం దిష్టి తీసింది, మిరపకాయలు కాల్చింది. ఆ పొగకు కాస్తో కూస్తో కనిపించేది కూడా కనిపించకుండా పోయింది.

కడుపుతో ఉన్నవాళ్లను చూడటానికి ఊరికి వచ్చే నర్సమ్మ నా మాట విని వెంటనే పట్టేసింది.

"రేచీకటమ్మా ఇది. ఒంట్లో విటమిన్-ఎ తక్కువైతే వస్తాది. కడుపులో బిడ్డ ఉండాది గదా, నీకుండేది గూడా అది తీసుకుంటాది. పచ్చగుండేవి బాగా తినల్ల. దాంట్లో రెండు చుక్కలు నూనె గూడా పడల్ల."

"పిల్లోళ్లకు పోస్తారే సిరప్పు, అది పోస్తే సరిపోదా?" అంది అత్త.

"అది చంటోళ్లకు. కడుపుతో ఉండేవాళ్లకు ఇయ్యకూడదు. ఈమెకు తిండే మందు."

నర్సమ్మ పచ్చగా ఉండేవి అన్నది మునగాకు, తోటకూర లాంటివాటిని తలుచుకుని. మా అత్తకు పచ్చ అంటే పసుపుపచ్చ. ఆమె తల ఎత్తి మా పశువుల కొట్టం కప్పు వైపు చూసింది. ఆ ఏడు వానలు ముఖం చాటేసి చేలో వేరుశనగ ఎండిపోయింది గానీ, పేడదిబ్బలో ఎవరూ నాటకుండానే మొలిచిన గుమ్మడిపాదు కొట్టం మీదికి పాకి విరగకాసింది. ఒక్కో కాయ చంటిపిల్లంత ఉండేది. ఆ కాయలన్నీ ఎవరు తింటారా అని అప్పటిదాకా ఆమెకు అదే దిగులు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో గుమ్మడికాయ తప్ప వేరే కూర లేదు. పొద్దున గుమ్మడికాయ పప్పు, మధ్యాహ్నం గుమ్మడికాయ పులుసు, రాత్రి ముద్దలో కూడా గుమ్మడికాయే కలిపేది. రాగిముద్ద నల్లగా ఉండాల్సింది ఇటుక రంగులో వచ్చేది. నాకొక్కదానికే విడిగా వండటం ఆమె వల్ల కాదు కాబట్టి అందరూ అదే తినాలి. పైగా కళ్యాణదుర్గం సంతకు పోయిన మామను క్యారెట్లు తెమ్మంటే, చౌకగా ఉన్నాయని ఆయన ఒక సంచి నిండా తెచ్చాడు. పెరట్లో బొప్పాయి చెట్టు ఎలాగూ ఉంది. మూడు పూటలా తిని, మధ్యలో ఆకలేస్తే క్యారెట్ నమలాలి. మా ఆయన ఒకసారి ధైర్యం చేసి, "అమ్మా, రోంత వంకాయ చేయకూడదా?" అని అడిగాడు.

"వంకాయ ఏం రంగు?" అంది అత్త. ఆయన మళ్లీ అడగలేదు.

నవ్వులాటగా చెబుతున్నాను గానీ, మందు పనిచేసింది. కొన్ని వారాలకు సాయంత్రాలు మెల్లగా తేటపడ్డాయి. ఒక రోజు దీపం పెట్టే వేళకు కొట్టం దగ్గర మామ కనిపించాడు, స్పష్టంగా, మీసంతో సహా. ఆయన తన కంచంలోని గుమ్మడికాయ ముక్కలన్నీ చేత్తో తీసి ఆవుకు తినిపిస్తున్నాడు. నన్ను చూసి బిగుసుకుపోయాడు.

"నీకు కనపడతాండాదా?" అన్నాడు.

"కనపడతాండాది మామా."

"మంచిదే," అన్నాడు. చేతిలోని ముక్క ఆవు నోట్లో పెట్టేసి, "మీ అత్తకు చెప్పొద్దు" అన్నాడు.

ఆ తర్వాత ఊళ్లోకి జీపు వచ్చింది. నీళ్లు పరీక్ష చేసేవాళ్లట, ఇద్దరు యువకులు. బోరింగు కొట్టి సీసాల్లో నీళ్లు పట్టుకున్నారు. జనం గుమిగూడారు కదా అని ఒకతను రంగుల పటం ఒకటి గోడకు ఆనించి, నీళ్లలో ఏమేం ఉండొచ్చో చెప్పాడు. ఫ్లోరైడు మాకు కొత్త కాదు, ఊళ్లో సగం మంది పళ్లు చూస్తే తెలుస్తుంది. తర్వాత అతను ఆర్సెనిక్ అన్నాడు. ఎవరికీ అర్థం కాక ముఖాలు చూసుకుంటుంటే, "అదే, పాషాణం" అన్నాడు. కొన్ని దేశాల్లో, మన దేశంలో బెంగాల్ వైపు, బోరు నీళ్లలో అది ఉంటుందని, ఏళ్ల తరబడి తాగితే అరచేతుల్లో, అరికాళ్లలో తేడా కనిపిస్తుందని చెప్పాడు. "ఇక్కడ ఉందని కాదు, ఉందేమో చూస్తున్నాం, అంతే" అని కూడా అన్నాడు. కానీ పాషాణం అనే మాట చెవిన పడ్డాక ఆ ముక్క ఎవరు వింటారు?

మా అత్త మెల్లగా తన అరచేయి తెరిచి చూసుకుంది. తర్వాత నా చేయి లాక్కుని చూసింది. తర్వాత మా ఆయనది.

అప్పటిదాకా మేం గమనించలేదు. ఆడవాళ్ల చేతులకు ఎప్పుడూ పసుపు అంటుకునే ఉంటుంది, మగవాళ్ల చేతులకు మట్టి. ఇంటికి పోయి సబ్బు పెట్టి తోమాం. బూడిదతో తోమాం. చింతపండు రుద్దాం. ఎంత తోమినా మా అరచేతులు, అరికాళ్లు నారింజపండు రంగులో మెరుస్తున్నాయి. మా ఆయన ముక్కు కొన కూడా అదే రంగు. మామ చేతులు మాత్రం లేతగా, ఉందా లేదా అన్నట్టు ఉన్నాయి. "ఈయప్పకు పాషాణం గూడా అరిగిపోతాది" అంది అత్త ఏడుస్తూనే.

చీకటి పడేలోపు ఊరంతా మా వసారాలో ఉంది. అందరూ తమ చేతులు చాపి చూసుకున్నారు. ఎవరికీ ఏమీ లేదు. అందరం తాగేది ఒకే బోరు. అత్త దాని గురించి కాసేపు ఆలోచించింది. తర్వాత పక్కింటి పెద్దమ్మ వైపు తిరిగింది. వాళ్లిద్దరికీ చేని గట్టు తగాదా పాతదే.

"మా ఇంటికే ఎవరో పాషాణం పెట్టినారు" అంది అత్త.

"ఎవరో అంటే నా మొగం చూస్తావేందే? మీ ఇంటిల్లిపాదికీ పెట్టేకి నాకు దుడ్లు యాడివి? ఎలుకల మందు కొనల్లంటేనే మా ఆయన్ను పది తూర్లు అడుక్కోవల్ల!"

మాటా మాటా పెరిగింది. నేను లోపలికి పోయి గోడకు ఆనుకుని కూర్చున్నాను. నవ్వు రాలేదు అప్పుడు. కడుపులో బిడ్డ తన్నుతోంది. దాని చేతులు కూడా ఇలాగే ఉంటాయా, దాని రక్తంలోకి ఏం పోతోందో అని నా అరచేతులు చీరలో దాచుకున్నాను. మా ఆయన వచ్చి పక్కన కూర్చుని, "రేపు అనంతపురం పోదాము" అన్నాడు. అంతకన్నా ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

మర్నాడు మామ పెట్టెలోంచి తెల్ల చొక్కా తీసి వేసుకున్నాడు. కోడిని కోయమన్నాడు. అత్త అరిస్తే, "సచ్చేకి పోతాండాము గదా, ఈ పొద్దన్నా గుమ్మడికాయ లేకుండా తిననీ" అన్నాడు. కోడి తిని బస్సెక్కాం. బస్సులో మా చేతులు చూసి పక్క సీటామె లేచి వెనక్కి పోయింది. అత్త కాళ్లు చాపుకుని కూర్చుంది.

డాక్టరమ్మ నడివయసు మనిషి. అత్త చెప్పిందంతా ఓపికగా విన్నది. ఒక్కొక్కరినీ పిలిచి కనురెప్ప కిందికి లాగి చూసింది. అరచేతులు నొక్కి, వేళ్లతో తడిమింది.

"కళ్లు తెల్లగానే ఉన్నాయి, కాబట్టి కామెర్లు కావు. పాషాణమైతే చేతులు గరుకుగా తయారై, చిన్న చిన్న గట్టి బుడిపెలు లేస్తాయి. ఒంటి మీద నల్లటి మచ్చలు వస్తాయి. మీ చేతులు మెత్తగా ఉన్నాయి కదా" అంది. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, "ఏం తింటున్నారు మీరు?" అని అడిగింది.

అత్త చెప్పడం మొదలుపెట్టింది. పప్పు చెప్పింది, పులుసు చెప్పింది, ముద్ద చెప్పింది. క్యారెట్ల సంచి దగ్గరికి వచ్చేసరికి డాక్టరమ్మ చేత్తో నోరు మూసుకుంది. బొప్పాయి దగ్గర ఆమె వల్ల కాలేదు. బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది. బయటి నుంచి ఆయా తలుపు తీసి ఏమైందో అని చూసింది.

అత్తకు కోపం వచ్చింది. "నవ్వేదేముందమ్మా? సచ్చిపోతామని వచ్చినాము మేము."

"అది గుమ్మడికాయ రంగమ్మా," అంది డాక్టరమ్మ కళ్లు తుడుచుకుంటూ. "మీ ఒంట్లోకి పోయి చర్మం కింద చేరింది. ఒళ్లు దాంట్లోంచి తనకు కావాల్సినంత విటమిన్ చేసుకుంటుంది, మిగతా రంగు అలా ఉండిపోతుంది. తగ్గించి తింటే అదే పోతుంది."

"మరి బిడ్డ?" అన్నాను.

"బిడ్డకేం కాదు. కూరగాయలతో భయం లేదు. విటమిన్ మాత్రలు మాత్రం నీ అంతట నువ్వు కొని మింగొద్దు, అవి ఎక్కువైతే బిడ్డకు చెడ్డది."

ఆ మాటకు నేను అక్కడే ఏడ్చాను. డాక్టరమ్మ మామ చేయి మళ్లీ పట్టుకుని, "మరి ఈయనకెందుకు ఇంత తక్కువగా ఉంది?" అంది. మామ నా వైపు చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను. చివరికి ఆయన గొంతు సవరించుకుని, "ఆవుకు గూడా కండ్లు మంచిగుండల్ల గదమ్మా" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అత్త ఆయన వైపు వీపు పెట్టి కూర్చుంది. కళ్యాణదుర్గం దాటాక మాత్రం, "పాలు రోంత పచ్చగొస్తాండాయని అనుకుంటానే ఉండా" అంది.

రంగు పోవడానికి నెలలు పట్టింది. కూరలో ఆకుకూర చేరింది, వంకాయ కూడా వచ్చింది. మిగిలిన గుమ్మడికాయల్లో పెద్దది ఒకటి ఎత్తుకుని అత్త పక్కింటికి పోయింది. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. పెద్దమ్మ కేక మాత్రం మా వసారాలోకి వినిపించింది: "దీన్ని తిని నేనూ నీ మాదిరి కావల్లనా? తీసుకపో!" అయినా కాయ వాళ్ల గడప దగ్గరే ఉండిపోయింది.

జీపు వాళ్లు మళ్లీ వచ్చారు. మా బోరులో పాషాణం లేదు. ఫ్లోరైడు మాత్రం ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉందని బోరింగుకు ఎర్ర రంగు పూసి, ఇది తాగొద్దు, గుడ్డలుతుక్కోండి చాలు అన్నారు. తాగే నీళ్లకు ఊరి బయట తోటబావికి పోవాల్సి వచ్చింది. అత్త, పెద్దమ్మ బిందెలు పెట్టుకుని కలిసే పోయేవాళ్లు. నాకు నెలలు నిండుతున్నాయని బిందె ఎత్తనిచ్చేవాళ్లు కాదు. ఊరికే నడవమని వెంట తీసుకుపోయేవాళ్లు. దారి పొడవునా వాళ్లిద్దరూ గట్టు ఎవరిదనే దాని మీద పోట్లాడుకుంటుంటే, నేను వెనకాల తాపీగా నడిచేదాన్ని.