వరహాలమ్మ టీచర్ కోసం లేచిన చేతులు

ఇప్పటికీ మలేషియాలో మా కువాలా సెలంగోర్ దారిలో కారు అద్దం దించితే, పామాయిల్ మిల్లులో ఉడికే పళ్ల వాసన, కొంచెం తీపిగా, కొంచెం పులిసినట్టుగా, లోపలికొచ్చి నా పక్కన కూర్చుంటుంది. నా చిన్నతనపు శనివారాలన్నిటిదీ అదే వాసన. వానాకాలంలో పామాయిల్ తోట దారి ఎర్రబురదయ్యేది. చెప్పులు చేత్తో పట్టుకుని, అరిటాకులో కట్టిన నాసి లెమాక్, అదే కొబ్బరిపాల అన్నం, పొట్లం సంచిలో పెట్టుకుని, అమ్మా నేనూ రాములవారి గుడి పక్కనున్న రేకుల హాలుకి నడిచేవాళ్లం. అదే మా తెలుగు బడి. పాఠం మొదలయ్యేదాకా పిల్లలందరం మెట్ల మీద గులకరాళ్లతో అచ్చనగండ్లాడుకునేవాళ్లం.

బడికి పెద్ద వరహాలమ్మ టీచర్. మా తెలుగు సంఘం వాళ్లు విజయనగరం నుంచి ఒప్పందం మీద పిలిపించిన మనిషి. గంజి పెట్టిన నేత చీర, ముక్కున తెల్లరాయి, పాఠం మధ్యలో పకపకా నవ్వడం. ఉగాదికి మా పెరటి పుల్ల మామిడికాయతో పచ్చడి తనే కలిపి, ఒక్కొక్కరి నాలుక మీద రాసి, ఏ రుచి ముందు తగిలిందో తెలుగులో చెప్పించేది.

మా అమ్మ సెల్వి తమిళావిడ. ఇంట్లో అందరూ ఆమెతో అరవంలో మాట్లాడి, ఆమె అటు తిరగగానే తెలుగులోకి మారేవారు. నాకోసం వరండాలో కాచుకుని కూర్చునే అమ్మను ఒకనాడు టీచరే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, నా పక్కన బెంచీ మీద కూర్చోబెట్టింది. ఆ సంగతి తెలిసి మరికొందరు తమిళ తల్లులు పిల్లల్ని తీసుకొచ్చారు. హాలు నిండింది. గొడవా మొదలైంది.

ఒప్పందం ముగిసే నెలలో, ఒక ఆదివారం పూజ అయ్యాక, ఆమెను ఉంచాలా పంపాలా అని సంఘం సభ పెట్టింది. సంఘం పెద్ద మా తాతే. తాత చెడ్డవాడు కాదు. తోటలో పుట్టి, తెలుగువాడినని చెప్పినా ఎవరూ నమ్మక, ఎక్కడికెళ్లినా తమిళుడిగానే లెక్కకొచ్చిన మనిషి. ఆ బడి కోసం ఇల్లిల్లూ తిరిగినవాడు.

"ఇది తెలుగు బడి. మన పిల్లలు ఆ అరవ పిల్లలతో కలిసి అరవమే మాటాడుతున్నారు. ఇంక తెలుగేటి మిగుల్తాది?" అన్నాడు.

టీచర్ లేచింది. "వచ్చినోళ్లని గుమ్మంలో ఆపేస్తే తెలుగు పెరగదు, పెద్దయ్యా."

అప్పుడు ఆడవాళ్ల వరసలోంచి అమ్మ లేచింది. చెంగు రెండు చేతులా పట్టుకుని, మాట మాటకీ ఆగుతూ, ఇక్కడ అందరి మాటల చివరా వచ్చే 'లా' కలుపుతూ, తెలుగులో అంది: "ఈ టీచరు రమ్మన్నాది. వచ్చినాను. ఇప్పుడు నా పిల్లకి నేనే తెలుగులో కథ సెప్తున్నాను లా. ఇన్నేళ్లు మీ ఇంట్లో ఉన్నాను మామా, ఎవరూ నాకు ఒక్క అచ్చరం సెప్పలేదు."

తాత ముఖం ఎర్రబడింది. టీచర్ ఉండాలనేవాళ్లను చేతులెత్తమన్నాడు. కొన్ని చేతులు లేచాయి. అమ్మ చెయ్యి అన్నిటికంటే ఎత్తుగా ఉంది. పంపెయ్యాలన్నవాళ్ల చేతులు అంతకంటే ఎక్కువ లేచాయి. మా నాన్న చెయ్యి రెండుసార్లూ ఒళ్లోనే ఉంది. అమ్మ ఆయన వైపే చూస్తూ నిలబడింది.

టీచర్ వెళ్లే రోజు పిల్లలందరం బస్సు దాకా వెళ్లాం. అమ్మ ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఆ రోజు తర్వాత అమ్మ నోట తెలుగు రాలేదు. నాకు చెప్పే కథలు సగంలో ఆగిపోయాయి. మిగతా సగం నాన్న చెప్పబోతే నేను వినలేదు.

తర్వాత వచ్చిన మేష్టారు నిలవలేదు. తమిళ తల్లుల పిల్లలు మానేశారు; వాళ్లు లేని బడి బోసిపోయిందని మిగతావాళ్లూ మానేశారు. ఇప్పుడా హాలును పెళ్లిళ్లకి అద్దెకిస్తున్నారు. తాత కాపాడాలనుకున్న భాషలో మాట్లాడటానికి ఇవాళ మా వీధిలో ఆయన ఈడువాళ్లెవరూ లేరు. నాన్న పోయి రెండేళ్లయింది.

పోయిన వారం వెళ్లినప్పుడు అమ్మ తాతకి అన్నం వడ్డిస్తోంది. ఆయనకి చూపు సరిగా ఆనదు. కంచం తడుముకుంటూ, "కూరేటమ్మా?" అన్నాడు.

"కత్తిరిక్కాయ్, మామా," అంది అమ్మ అరవంలో.

"వంకాయ," అన్నాడు తాత మెల్లగా. ఆమె ఆ మాట అంటుందేమోనని చెయ్యి అన్నంలోనే ఉంచి కాసేపు ఆగాడు. అమ్మ నీళ్ల చెంబు తేవడానికి లోపలికి వెళ్లిపోయింది.