మొదటి తూటా

జర్మనీలోని మా షూటింగ్ క్లబ్‌లో సీనియర్ల జట్టు ఉంది. అందులో నా చోటు పోతుందేమోనని మూడేళ్లు కుమిలిపోయాను. నా సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌తో ఐదు తూటాలు కాలిస్తే నాలుగు ఒకే చోట పడేవి. మొదటిది మాత్రం ప్రతిసారీ బొటనవేలంత పైకి పోయేది. నేను పుస్తకాలు చూసి సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. గురి చూసే స్కోపు మరలు బిగించాను, తూటాల రకం మార్చాను. ఏం లాభం?

"కళ్లు చూపించుకోండి నాన్నా, డాక్టర్ దగ్గర టెర్మిన్ నేను తీసుకుంటా," అన్నాడు మా అబ్బాయి.

"మొదటి తూటాకి పోయిన కళ్లు మిగతా నాలుగింటికి తిరిగొస్తాయిట్రా?" అని కసిరాను.

జట్టు ఎంపికలోనూ అదే జరిగింది, నా చోటు పోయింది. అప్పుడు నవ్వాడు, మూడేళ్లుగా నా పక్కనే కాలుస్తున్న జర్మన్ ముసలాయన. "ఆ బోల్ట్‌ను అంత మెల్లగా మూస్తావేం? లోపల పసిపిల్ల పడుకుందా?"

నిజమే. చప్పుడవుతోందని కింది ఇంటివాళ్లు గొడవ చేసినప్పటి నుంచి తలుపులన్నీ చేత్తో పట్టుకునే మూస్తాను. మొదటి తూటాను గొట్టంలోకి ఎక్కించే బోల్ట్‌నూ అంతే. మిగతా నాలుగు తూటాలను రైఫిలే గట్టిగా లోపలికి తోసుకుంటుంది, మొదటిదాన్ని నేను జోకొడుతున్నాను.

ఈసారి బోల్ట్‌ను లాగి వదిలేశాను. ఐదూ ఒకే చోట పడ్డాయి.

"ముందే చెప్పొచ్చుగా?" అన్నాను, ఒళ్లు మండి.

"నువ్వు అడగలేదుగా," అన్నాడు.

తలుపు చప్పుడు సంగతి మాత్రం ఈ దేశంలో నేను అడక్కుండానే చెప్పారు.