మచ్చ జాడ దొరికిన ఏడాది

రాష్ట్రం విడిపోయిన మూడో ఏడో, నాలుగో ఏడో. వానాకాలం. మా పెద్దమ్మ మనవరాలి పెళ్లికని అమ్మా నాన్నా నేనూ పాతపట్నం నుంచి బొబ్బిలి వెళ్తున్నాం. పాలకొండ దాటాక నాన్న సీట్లోంచి లేచి, డ్రైవరు దగ్గరికి వెళ్లి వంగి ఏదో చెప్పాడు. బస్సు ఆగింది. నాన్న దిగి తుప్పల వెనక్కి వెళ్లి, కాసేపటికి ఎవరి మొహమూ చూడకుండా ఎక్కాడు. రాజాం ఇంకా రాకముందే మళ్లీ లేచాడు. ఈసారి వెనక సీట్లో ఎవరో గట్టిగానే విసుక్కున్నారు.

నాన్న ఉద్యోగమంతా ఆర్టీసీ బస్సు నడిపాడు. స్టాపు కాని చోట ఆపమని ఎవరైనా అడిగితే తల కూడా తిప్పేవాడు కాదని ఆ రూట్లో పేరు. అలాంటి మనిషి రెండుసార్లు బస్సు ఆపించుకున్నాడంటే ఎంత ఇబ్బందో నాకు అర్థమైంది. అమ్మని అడిగితే, ఎన్నో నెలలుగా రాత్రుళ్లు నిద్ర లేదని, నాకు చెప్పొద్దని తనతో ఒట్టు వేయించుకున్నాడని చెప్పింది. ఆడపిల్లకి చెప్పే సంగతి కాదట. నేను హైస్కూల్లో సైన్సు చెప్పే టీచర్ని. మూత్రపిండం బొమ్మ నల్లబల్ల మీద గీసి, పక్కన పేర్లు రాయించే దాన్ని. మా ఇంట్లో మాత్రం ఆ మాట నోటితో అనలేని పరిస్థితి.

పెళ్లి నుంచి వచ్చాక బతిమాలి శ్రీకాకుళం తీసుకెళ్లాను. ప్రోస్టేట్ గ్రంథి వాచిందన్నారు. రక్తపరీక్షలో కేన్సరు అనుమానం చూపే పి.ఎస్.ఏ. సంఖ్య ఎక్కువుంది, ముక్క తీసి చూడాలన్నారు. డాక్టరు గదిలోకి నన్ను రావద్దని నాన్న చేత్తోనే సైగ చేశాడు. నేను బయట గోడకానుకుని నిలబడ్డాను. సూదితో గ్రంథిలో అక్కడక్కడా ముక్కలు తీశారు. చెడ్డదేమీ లేదని రిపోర్టు వచ్చింది. ఆ ఆదివారం మా బాప్టిస్టు చర్చిలో అమ్మ కృతజ్ఞత కానుక వేసింది. ఇంటికొచ్చి సేమ్యా పాయసం వండింది. నాన్న రెండు గిన్నెలు తాగాడు.

క్రిస్మస్ వెళ్లాక మళ్లీ రక్తపరీక్ష చేయించాం. ఆ సంఖ్య తగ్గలేదు సరికదా, పెరిగింది.

ఈసారి విశాఖపట్నం వెళ్లాం. అక్కడి డాక్టరమ్మ విజయనగరం ఆడపడుచు, నాకంటే చిన్నది. ఆడమనిషిని చూడగానే నాన్న మొహం మాడిపోయింది. ఆమె అదేం పట్టించుకోకుండా, పాత కాయితాలన్నీ చూసి, నన్ను కూడా లోపలికి పిలిచి కూర్చోమంది. నాన్న కాదనబోతే, "మీకు మందులిచ్చేదీ, తీసుకొచ్చేదీ ఈవిడే కదండీ. ఈవిడకి తెలియకపోతే ఎలా?" అంది. నాన్న కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

మొదటిసారి ముక్క తీసినవాళ్లు తప్పు చేశారా అని అడిగాను. నా గొంతులో కోపం నాకే వినిపించింది. ఆమె నెమ్మదిగా చెప్పింది. జామకాయలో పురుగుందో లేదో చూడాలని పైనుంచి సూదితో పది చోట్ల గుచ్చామనుకోండి, పురుగు రెండు గుచ్చుళ్ల మధ్య ఉంటే సూదికి తగలదు. అందులో ఎవరి తప్పూ లేదు. ముందు అది ఎక్కడుందో చూసి, తర్వాత గుచ్చాలి. చూడటానికి ఎం.ఆర్.ఐ. తీయాలి.

ఎం.ఆర్.ఐ. అంటే ఎక్స్‌రే కాదని, పెద్ద అయస్కాంతమని దారిలో నాన్నకి చెప్పాను. పిల్లలకి చెప్పినంత ఉత్సాహంగా చెప్పాను. నాన్న వింటూ వింటూ, "గొట్టంలో పెడతారేటి?" అని ఒక్కటే అడిగాడు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. నేను కాలేజీలో ఉన్నప్పుడు వంశధార కాలవ పక్కన నాన్న బస్సు దిగబడి ఒరిగిపోయింది. ప్రయాణికులందరూ బయటపడ్డారు. నాన్న మాత్రం స్టీరింగుకీ సీటుకీ మధ్య ఇరుక్కుని, ఊరివాళ్లు గడ్డపారలతో రేకు వంచేదాకా అలాగే ఉన్నాడు. దెబ్బలు పెద్దగా తగల్లేదు. కానీ ఆ రోజునుంచి స్నానాలగది తలుపు కూడా పూర్తిగా వేసుకోడు.

అనుకున్నట్టే అయింది. ఆసుపత్రి గౌను తొడిగి, చెవుల్లో దూది పెట్టి, తలవైపునుంచి యంత్రంలోకి పంపారు. చేతికిచ్చిన రబ్బరు బుడ్డి నొక్కితే ఆపేస్తామన్నారట. బల్ల సగం వెళ్లిందో లేదో నాన్న నొక్కేశాడు. బయటికొచ్చి చెమటతో తడిసిన గౌనుతోనే వరండాలో బెంచీ మీద కూలబడ్డాడు.

"నావల్ల కాదు పాపా. ఇంటికెళ్లిపోదాం. ఉన్నన్నాళ్లు ఉంటాను" అన్నాడు.

తిట్టాలనిపించింది, ఏడవాలనిపించింది. పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాను. నాకు ఊహ తెలిశాక నాన్న చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

యంత్రం నడిపే అతను కాసేపటికి బయటికొచ్చి ఒక దారి చెప్పాడు. తియ్యాల్సింది పొత్తికడుపు బొమ్మ కాబట్టి కాళ్లవైపునుంచి పంపొచ్చు, అప్పుడు తల గొట్టం అంచు దగ్గరే ఉంటుంది, మీరు తల దగ్గర కూర్చోవచ్చు అన్నాడు. ఒంటిమీద ఇనుపముక్క ఉండకూడదు. నేను గొలుసు, గాజులు, జడపిన్నులు, చీర కుచ్చిళ్లకి పెట్టుకున్న పిన్నీసు కూడా తీసి నర్సు చేతిలో పోశాను. కుచ్చిళ్లు గట్టిగా దోపుకుని లోపలికెళ్లాను.

మళ్లీ పడుకోబెట్టారు. ఈసారి నాన్న తల నా ఒళ్లో ఉన్నంత దగ్గరగా ఉంది. కళ్లు మూసుకోమన్నాను. యంత్రం మొదలైంది. రేకుల షెడ్డు మీద ఎవరో సమ్మెటతో కొడుతున్నట్టు చప్పుడు. ఆగినప్పుడల్లా నాన్న పెదాలు కదులుతున్నాయి. ప్రార్థన చేసుకుంటున్నాడనుకుని వంగి విన్నాను.

"టెక్కలి," అన్నాడు. ఇంకోసారి ఆగినప్పుడు, "కోటబొమ్మాళి."

ఆయన పాతపట్నంలో బస్సు తీశాడు. కళ్లు మూసుకుని తన పాత రూట్లో విశాఖపట్నం దాకా నడుపుకుంటూ వస్తున్నాడు. నేను నుదుటి మీద చెయ్యి వేసి, "తర్వాతేటి నాన్నా?" అని అడుగుతూ కూర్చున్నాను. నరసన్నపేట వచ్చింది. శ్రీకాకుళం కాంప్లెక్సులో చాలాసేపు ఆగాం. రణస్థలం దాటాక యంత్రం ఆగిపోయింది. అయిపోయిందని చెబితే నాన్న నమ్మలేదు.

బొమ్మలు డాక్టరమ్మ తెర మీద చూపించింది. బూడిదరంగు గ్రంథిలో ముందువైపు, సూది మామూలుగా అందని మూల, చింతగింజంత నల్లటి మచ్చ. నాన్న కుర్చీ ముందుకి జరుపుకుని, మొదటిసారి మా ఇద్దరివైపూ తిరిగి చూశాడు. ఆ బొమ్మ సాయంతో తిన్నగా మచ్చలోకే సూది పంపి ముక్క తీశారు. కేన్సరేనని తేలింది. గ్రంథి దాటి బయటికి రాలేదని, ఎముకలకి పాకలేదని మిగిలిన పరీక్షలు చెప్పాయి.

ఆ రోజు ఆసుపత్రి మెట్లు దిగుతూ నేను ఏడ్చేశాను. నాన్న ఏడవలేదు.

"ఏ మూల ఉన్నాదో తెలిసిపోనాది కదా. తెలీనన్నాళ్లే నాకు భయమేసింది. ఇప్పుడేటి భయం?" అన్నాడు. అని, ఎదురుగా ఉన్న బండి దగ్గర నాకు టీ ఇప్పించాడు.

రేడియేషన్ వేసవి సెలవుల్లో పడింది. ఆసుపత్రి దగ్గర్లో చిన్న గది తీసుకున్నాం. అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేదు, పాతపట్నంలోనే ఉండిపోయింది. మొదలుపెట్టే ముందు డాక్టరమ్మ మళ్లీ తెర ముందు కూర్చోబెట్టింది. ఎం.ఆర్.ఐ. బొమ్మని ఇంకో స్కాన్ బొమ్మ మీద సరిగ్గా పొదిగి, గ్రంథి చుట్టూ ఒక గీత, మచ్చ చుట్టూ మరో గీత గీశారు. గ్రంథికంతటికీ కిరణాలు పడతాయి, మచ్చకి ఇంకాస్త ఎక్కువ పడతాయి, వెనకున్న పెద్దపేగుకీ పైనున్న మూత్రాశయానికీ వీలైనంత తక్కువ పడేలా చూస్తాం అంది. పూర్తిగా నయమవుతుందని మాట ఇవ్వలేను గానీ మంచి అవకాశం ఉందని చెప్పింది. ఆమె అలా దాచకుండా చెప్పడం వల్లే నాకు ధైర్యం వచ్చింది.

ఒక్కటే షరతు. రోజూ కిరణాలు పెట్టే వేళకి మూత్రాశయం నిండుగా ఉండాలి. నిండితే అది పైకి జరిగి దెబ్బ తప్పించుకుంటుంది. అసలే ఆపుకోలేని మనిషి. నీళ్ల సీసా చేత్తో పట్టుకుని బెంచీ మీద కూర్చుని తాగేవాడు, కాళ్లు దగ్గరికి ముడుచుకునేవాడు. మొదటి రోజుల్లో ఆపుకోలేక పరిగెత్తి, మళ్లీ మొదటినుంచి తాగాల్సి వచ్చింది.

ఆ బెంచీ మీదే భావనపాడు నుంచి వచ్చిన, సముద్రంలో చేపలు పట్టే వేటకారు ఒకాయన ఉండేవాడు. ఆయనదీ అదే జబ్బు. ఒక రోజు యంత్రం మొరాయించి అందరినీ కూర్చోబెట్టేశారు. ఇద్దరి కడుపులూ నిండి ఉన్నాయి. కదిలితే ప్రమాదం. ఆయన సీసా వైపు చూసి అన్నాడు, "సముద్రం మీద నీళ్లు లేక సచ్చీవోలం బావా. ఇక్కడ సూడు, తాగి తాగి సస్తన్నాం."

నాన్నకి నవ్వొచ్చింది. నవ్వితే ఏమవుతుందో తెలుసు కాబట్టి ఆపుకోబోయాడు, ఆగలేదు. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు పట్టుకుని బాత్రూం వైపు పరిగెత్తారు. ఆ రోజునుంచి వాళ్లు బావా అంటే బావా. ఎన్నిసార్లు లేచిందీ, ఎక్కడ మంట పుట్టిందీ, ఎప్పుడు తగ్గిందీ అన్నీ చెప్పుకునేవారు. నేను పక్కనే ఉన్నానని కూడా గుర్తుండేది కాదు. ఒక ఉదయం నాన్న నాకే నేరుగా చెప్పాడు, "రాత్రి మంట లేదు పాపా, బాగా వచ్చింది" అని. ఆ మాటకి నేనెంత పొంగిపోయానో ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది.

సెలవులయ్యేలోపు చికిత్స పూర్తయింది. కొన్నాళ్లు నీరసం ఉంది, విరేచనాలు ఇబ్బంది పెట్టాయి. అవి తగ్గాయి. తర్వాత ప్రతి రక్తపరీక్షలోనూ పి.ఎస్.ఏ. సంఖ్య కిందికి దిగుతూ వచ్చింది. భావనపాడు బావ కూడా బాగానే ఉన్నాడు. ఎండుచేపలు పంపిస్తుంటాడు.

మరుసటేడు జనవరిలో ఒక ఆదివారం ఆరాధనలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేవాళ్లు లేవండి అని పాస్టరు గారు అంటే నాన్న లేచాడు. ఎన్నడూ లేచి మాట్లాడింది లేదు. అమ్మ నా మోచేయి పట్టుకుంది. నాన్న ముందుకెళ్లి, దేవుడికి వందనాలు చెప్పి, తర్వాత నీళ్లు నమలకుండా అంతా చెప్పేశాడు. ఒంటేలు ఆపుకోలేకపోవడం, దాచుకోవడం, మొదటిసారి దొరక్కపోవడం, అయస్కాంతం యంత్రం, మచ్చ, కిరణాలు. ఆడవాళ్ల వైపు కొంగులు నోళ్ల మీదికి వెళ్లాయి. నాన్న ఆగలేదు.

"సిగ్గుపడి నాను ఏడాది పోగొట్టుకున్నాను. మీరు పోగొట్టుకోకండి. మా పాపకి సెప్పుకోలేకపోనాను, సూడండి, అదే నన్ను తీసుకెళ్లినాది," అని వచ్చి కూర్చున్నాడు.

ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర మా వీధి చివరింటి పెద్దాయన నాన్న కోసం ఆగి ఉన్నాడు. ఇద్దరూ పక్కకి వెళ్లారు. ఆయన తలవంచుకుని చాలాసేపు ఏదో చెప్పాడు. నాన్న ఆయన భుజం మీద చెయ్యి వేసి విన్నాడు. తర్వాత నన్ను కేకేసి, సోమవారం శ్రీకాకుళంలో తనని మొదట చూసిన ఆ డాక్టరు ఎన్ని గంటలకి ఉంటాడని అడిగాడు.