రెండు రంగుల సంతకాలు

నేను లా చదువుకున్న కాలేజీ పేరు రాయను, అది ఉన్న ఊరి పేరూ రాయను. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది. ఉత్తరాంధ్రలో ఒక ఊరు, బస్టాండుకు దగ్గరగా ఒక మేడ, కింద ఎరువుల దుకాణం, పై రెండు అంతస్తుల్లో కాలేజీ అనుకోండి, చాలు. మూడేళ్ళూ పురుగుమందుల వాసన మధ్యే రాజ్యాంగం చదువుకున్నాం.

అక్కడి నుంచి బయటికొచ్చిన వాళ్ళందరికీ ఏడాదికి రెండుసార్లు పోస్టులో ఒక కాగితం వచ్చేది. పైన ‘మనవాళ్ళ కబుర్లు’ అని ఉండేది. మాకు సాక్ష్య చట్టం చెప్పిన మేష్టారే దాన్ని చేత్తో రాసి, జిరాక్సు తీయించి, కవర్ల మీద చిరునామాలు కూడా తనే రాసి పంపేవారు. ఎవరు జడ్జి పరీక్ష పాసయ్యారు, ఎవరు పాలకొండలో ఆఫీసు తెరిచారు, ఎవరికి కవలలు పుట్టారు, ఎవరు పోయారు, అన్నీ అందులోనే. పొగడ్త మాత్రం మచ్చుకైనా ఉండేది కాదు. నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన ఏడు నా గురించి ఇలా వేశారు: ‘మన పాతపట్నం వైపు అమ్మాయి మొదటి కేసు ఓడిపోయింది. సాక్షిని అడగకూడని ప్రశ్న ఒకటి అడిగింది. ఇక అడగదు.’ అది చదివి రెండు రోజులు కుతకుతలాడిపోయాను. మూడో రోజు దాన్ని బీరువాలో చీరల మధ్య దాచుకున్నాను.

నాకు కోపం ఎక్కువ. చిన్నప్పటి నుంచీ అంతే. మేష్టారికి మాత్రం నా కోపం అంటే ముచ్చట. ఆయన పెద్దలంతా గుళ్ళో వేదం చదివినవాళ్ళూ, పిల్లలకు సంగీతం చెప్పినవాళ్ళూ. ఈయన ఒక్కరే కోర్టు వైపు వచ్చి, నాలుగేళ్ళు వాదించి, నచ్చక పాఠాల్లోకి దిగారట. మొదటి రోజు క్లాసులో నన్ను లేపి, “ఇవాళ ఎలా వచ్చావమ్మా?” అని అడిగారు. బస్సులో అన్నాను. కండక్టరు చొక్కాకి జేబులెన్ని, టిక్కెట్టు ఏ చేత్తో ఇచ్చాడు, కిటికీ పక్కన ఎవరు కూర్చున్నారు అని వరసగా అడుగుతూ పోయారు. మొదటి రెండింటికీ ఏదో ఒకటి కల్పించి చెప్పాను. మూడోదానికి ఒళ్ళు మండి, “నాకు తెలీదండీ” అనేశాను. క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. “కూర్చోమ్మా. ఇంతసేపటికి ఒక నిజం చెప్పావు” అన్నారు.

రెండో ఏడాది మా నాన్న నా చదువు మాన్పించాడు. ఆ ఏడు గోగు కోతకి మనుషులు దొరకలేదు, ఇంట్లో చేతులు తక్కువయ్యాయి. ఇరవై రోజులు కాలేజీకి వెళ్ళకపోయేసరికి మేష్టారు పాతపట్నం దాకా బస్సులో, అక్కణ్ణుంచి మా ఊరికి ఆటోలో వచ్చారు. నార తీయడానికి గోగు కట్టలు నీళ్ళలో ఊరుతున్న రోజులు. ఆ కంపుకి కొత్తవాళ్ళు ముక్కు మూసుకుంటారు. ఆయన మా వీధరుగు మీద తాపీగా కూర్చుని మజ్జిగ తాగారు.

“ఆడగుంటకి వకీలు పనేటి బాబూ? కోర్టుకెల్లి ఎవులితోటి దెబ్బలాడతాది?” అన్నాడు నాన్న.

“మీ అమ్మాయి తెలీనిది తెలీదంటుందయ్యా. మా వృత్తిలో అలాంటివాళ్ళు కరువైపోయారు. అందుకే అడగడానికొచ్చాను.”

నాన్నకి ఆ మాట ఎంతవరకు అర్థమైందో నాకు తెలియదు. అంత పెద్దాయన అరుగు మీద కూర్చుని అడిగాడన్నది మాత్రం అర్థమైంది. మర్నాడు నన్ను తనే బస్సెక్కించాడు. కాబట్టి ఈ రోజు నా పేరుకి ముందు అడ్వొకేటు అని ఉందంటే అది ఆయన పెట్టిన భిక్ష. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ తరవాత జరిగినదానికి నా దగ్గరున్న సంజాయిషీ ఇదొక్కటే.

ఏళ్ళు గడిచాయి. మేష్టారు రిటైరయినా యాజమాన్యం ఆయన్నే ప్రిన్సిపాలుగా ఉంచింది. ఒక పూట కోర్టు వరండాలో నిలబడి నా కేసు పిలుపు కోసం ఎదురుచూస్తుంటే ఫోన్ చేశారు.

“ఏవమ్మా, ఒక మాట అడగాలి. నువ్వు కాదంటే నేనేమీ అనుకోను.”

విషయం ఇదీ. వచ్చే వారం కాలేజీకి పైనుంచి తనిఖీ. పూర్తికాలం పాఠం చెప్పే లెక్చరర్లు ఇంతమంది ఉండాలని నిబంధన, మా కాలేజీలో సగం మందే ఉన్నారు. లోటు కనిపిస్తే కొత్త అడ్మిషన్లు ఆగిపోతాయి. అందుకని పూర్వవిద్యార్థులు కొందరు ఆ రోజు వచ్చి లెక్చరర్లమని కూర్చోవాలి. ఏడాది నుంచీ అక్కడే పనిచేస్తున్నట్టు రిజిస్టర్లో సంతకాలు పెట్టాలి. ప్రాక్టీసులో ఉన్న వకీలు పూర్తికాలం ఉద్యోగం చేయకూడదు. అది నాకూ తెలుసు, ఆయనకి నాకంటే బాగా తెలుసు.

“సంతకమమ్మా. మాట కాదు, సంతకం. ఆలోచించుకుని చెప్పు” అన్నారు.

“మీరడిగితే ఆలోచనేటండీ మేష్టారూ? వస్తాను.”

లైను పోయిందేమో అనుకుని రెండుసార్లు హలో అన్నాను. “సరేనమ్మా” అని పెట్టేశారు. నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. ఇన్నాళ్ళకి ఆయనకి నాతో పని పడింది కదా అని వరండాలో వాళ్ళకీ వీళ్ళకీ చెప్పుకున్నాను.

తనిఖీకి ముందురోజే వెళ్ళాను. ప్రిన్సిపాలు గదిలో కొత్త హాజరు రిజిస్టరు బల్ల మీద ఉంది. నా బ్యాచ్‌మేటు ఒకడు అప్పటికే తన పేరు వరసలో ఏడాది సంతకాలు నల్ల పెన్నుతో గబగబా గీసి పడేశాడు. మేష్టారు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆ రిజిస్టరు చూడగానే నాలోని వకీలు నిద్ర లేచింది. ఇలాంటి దొంగ కాగితాలను కోర్టులో చింపి పోగులు పెట్టడమే కదా నా పని.

“ఇలగ కుదరదురా. ఏడాదంతా ఒకే పెన్ను, ఒకే సంతకమైతే సూసినోడికి ఇట్టే తెలిసిపోతాది” అన్నాను వాడితో.

నీలం పెన్నొకటి, నల్ల పెన్నొకటి తీసుకుని నా వరసలో మార్చి మార్చి పెట్టాను. కొన్ని రోజులు సంతకం పొడుగ్గా, కొన్ని రోజులు తొందరలో పెట్టినట్టు పొట్టిగా. మధ్యలో నాలుగైదు చోట్ల క్యాజువల్ లీవు అని రాశాను. తుపాను సెలవులు ఎప్పుడొచ్చాయో గుర్తు తెచ్చుకుని ఆ గళ్ళు ఖాళీగా వదిలేశాను. అయ్యాక రిజిస్టరు మేష్టారికి చూపించి, “ఇప్పుడెవరడిగినా నిలబడుతుంది మేష్టారూ” అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. తుడిచి మళ్ళీ పెట్టుకోలేదు. అలసిపోయారనుకున్నాను.

మర్నాడు పొందూరు చీర కట్టుకుని వెళ్ళాను. తనిఖీకి ముగ్గురు వచ్చారు. వాళ్ళలో పెద్దాయన నేరుగా నా క్లాసులోకి వచ్చి, పాఠం చెప్పమని వెనక బెంచీలో కూర్చున్నాడు. నాకు బెరుకన్నదే లేదు. ముందు వరసలో ఒక అమ్మాయిని లేపి, ఇవాళ ఎలా వచ్చావని అడిగాను. షేర్ ఆటోలో అంది. ఇక మేష్టారి పాఠమంతా ఆయన గొంతుతో సహా దింపేశాను. పిల్లలు పడీపడీ నవ్వారు. పెద్దాయన కూడా నవ్వాడు. లేస్తూ, “వీరు మీకు ఎన్నాళ్ళ నుంచి చెబుతున్నారు?” అని ఆ అమ్మాయిని అడిగాడు. ఆ పిల్ల తడుముకోకుండా, “ఏడాది నుంచండీ” అంది. నేను ఆ పిల్లను అంతకు ముందు ఎన్నడూ చూడలేదు. వరండాలో మేష్టారు నిలబడి ఉన్నారు. నేను ఆయన వంక చూసి నవ్వాను.

కాలేజీ నిలబడింది. అడ్మిషన్లు వచ్చాయి. ఆ నెలాఖరుకే మేష్టారు రాజీనామా చేసేశారు. చూపు ఆనడం లేదని చెప్పారట. వయసైంది కదా అనుకున్నాం అందరం.

ఆయన తప్పుకున్నాక కబుర్ల కాగితం కూడా మారిపోయింది. పూర్వవిద్యార్థుల సంఘం వాళ్ళు రంగుల్లో తయారుచేసి ఫోన్లకు పంపారు. మొదటి పేజీలోనే నా ఫొటో. ‘కష్టకాలంలో కన్నతల్లి వంటి కాలేజీకి అండగా నిలిచిన మన ఆడపడుచు’ అని పెద్ద అక్షరాలు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఎంతో సంబరపడ్డాను. దాన్ని ప్రింటు తీయించుకుని, ఒక ఆదివారం పొద్దున్నే విజయనగరంలో మేష్టారింటికి వెళ్ళాను. ఇన్నాళ్ళకి నా గురించి ఒక మంచి ముక్క పడిందని ఆయనకి చూపించి వేళాకోళం చేద్దామని నా ఉద్దేశం.

మేష్టారి భార్య తలుపు తీశారు. “ఎవరితోనూ సరిగ్గా మాట్టాడ్డం లేదమ్మా. నీతోనైనా మాట్టాడతారేమో చూడు” అన్నారు.

పెరటి వైపు పడక్కుర్చీలో ఉన్నారు. బాగా చిక్కిపోయారు. కాగితం చేతికిస్తే కళ్ళకు దగ్గరగా పెట్టుకుని మొత్తం చదివారు. చదివి నా చేతికే తిరిగిచ్చేశారు.

“పదిమందికి ఫోన్ చేశానమ్మా. నీకు ఆఖర్న చేశాను” అన్నారు. “అందరూ సరే అన్నారు. నువ్వు కాదంటావనుకున్నాను. నువ్వు కాదంటే, ఆ మాట పట్టుకుని యాజమాన్యం దగ్గరికెళ్ళి నేనూ కాదందామనుకున్నాను.”

“మీరడిగారు కదా మేష్టారూ” అన్నాను.

“అడిగాను. తప్పు నాది, నీదనడం లేదు. ముప్పయ్యేళ్ళు పెంచిన కాలేజీ మూతపడుతుందంటే నాకు ధైర్యం చాలలేదు. నీ దగ్గర కొంచెం ధైర్యం ఉంటుందనుకున్నాను.” నా చేతిలోని కాగితం వైపు చూసి, “నువ్వు ఆ పెన్నులు మారుస్తుంటే చూశానమ్మా. అంతబాగా ఎక్కడ నేర్చుకున్నావు?” అన్నారు.

ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగారు. నేను ఆ ప్రింటును నాలుగు మడతలు పెట్టాను. తరవాత మా అమ్మ ఎలా ఉందని, ఊళ్ళో ఇంకా గోగు వేస్తున్నారా అని అడిగారు. ఎవరూ వేయడం లేదన్నాను. కాఫీ తాగి లేచాను.

తిరుగు బస్సులో నాకు ముంచుకొచ్చింది కోపమే. ఆయన చేయలేని పని నా నెత్తిన పెట్టడమేమిటి? గురువు అడిగితే కాదనే శిష్యురాలు ఎక్కడైనా ఉంటుందా? మనసులో ఏదో పెట్టుకుని, పైకి ఇంకేదో అడిగితే నాకెలా తెలుస్తుంది? ఇలా భోగాపురం దాకా మనసులో ఆయనతో వాదిస్తూనే ఉన్నాను. నేను వెళ్ళాల్సింది శ్రీకాకుళం వైపు, విశాఖ బస్సెక్కానని అప్పుడు చూసుకున్నాను. దిగి, రోడ్డు దాటి, శ్రీకాకుళం బస్సు కోసం ఎండలో నిలబడి అక్కడే ఏడ్చాను. అయినా అలక తీరలేదు. ఆయనకి ఫోన్ చేయలేదు. ఈ వారం కాకపోతే వచ్చే వారం వెళ్దాంలే అనుకుంటూ నెలలు దాటించాను.

వానలు మొదలైన రోజుల్లో ఆయన పోయారు. ఫోన్లో పూర్వవిద్యార్థుల గ్రూపు తెరిస్తే దండాల బొమ్మలు ఒకదాని కింద ఒకటి వరసగా ఉన్నాయి. ఆయన ఉండి ఉంటే ఆ కబురు ఒక్క వాక్యంలో రాసి ఉండేవారు. మా కోర్టులో లేచి రెండు నిమిషాలు మౌనం పాటించాం. ఆ రెండు నిమిషాలూ ‘ఎక్కడ నేర్చుకున్నావు’ అన్న ఆయన ప్రశ్నకి సమాధానం వెతుక్కున్నాను.

ఈ ఏడు మళ్ళీ తనిఖీ వచ్చింది. నల్ల పెన్నుతో సంతకాలు పెట్టిన బ్యాచ్‌మేటే ఇప్పుడు సంఘం కార్యదర్శి. ఫోన్ చేసి, “ఒసే, గురువారం వచ్చీ. నీ పేరు రాసేశాం” అన్నాడు.

“నేను రానురా. నా పేరు తీసీ.”

వాడు నమ్మలేదు. కేసులున్నాయా, ఒంట్లో బాగోలేదా అని అడిగాడు. రెండూ కాదన్నాను. దొంగ సంతకం పెట్టనన్నాను. మీరూ పెట్టొద్దన్నాను. వాడికి నిజంగానే కష్టమేసింది.

“ఏటే, మేష్టారడిగితే పరిగెట్టుకొచ్చావు కదే. ఆయన పోయేసరికి కాలేజీ సేదైపోనాదా నీకు? ఆయనే ఉండి అడిగుంటే ఇలగ కాదందువా, సెప్పు?”

“లేదురా. అనేదాన్ని కాదు” అన్నాను.

వాడు ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు. నా ఏడుపు వాడికి వినపడకూడదని ఫోన్ దూరంగా పట్టుకున్నాను.